ఫోన్ కంపెనీలోకే దొంగలు దూరితే ఇక ఓటీపీ దాచుకుని ఏం లాభం?

గోదారిగట్టు | ఆదివారం ఉదయం 7:40

ఒక సందేహం, తెలిసినవాళ్ళు చెప్పండి. మాది రాజమండ్రి దగ్గర పల్లె, ఎరువుల కొట్టు నడుపుతాను. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని ఫోన్ చేసిన ప్రతిసారీ విని విని మా అమ్మకు కూడా కంఠతా వచ్చేసింది. నిన్న రాత్రి అమెరికాలో ఇర్వింగ్‌లో ఉండే మా బావమరిదితో మాట్లాడుతుంటే వాడు ఇంకో సంగతి చెప్పాడు. 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వమే పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకు మామూలు మెసేజ్‌లు మానేయండి, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ మీద ఆధారపడకండి అని రాసి మరీ సలహా ఇచ్చిందట. ఎందుకంటే హ్యాకర్లు వాళ్ళ ఫోన్లలోకి కాదు, ఫోన్ కంపెనీల్లోకే దూరారట. సాల్ట్ టైఫూన్ అంటారట ఆ ముఠాని, చైనావాళ్ళేనని అమెరికా అంటోందట.

నేను ఇంటికి ఎంత తాళం వేసుకుంటే ఏంటండీ, తాళాలు చేసినవాడి కొట్లోంచే మారుతాళాలు పోతే? అసలు అంత పెద్ద కంపెనీల్లోకి ఎలా దూరారు? ఇంగ్లీషు వ్యాసాలు నాలుగు చదివాను, బుర్ర వేడెక్కింది తప్ప ఏమీ ఎక్కలేదు.

టెక్సాస్ కాకి | ఆదివారం ఉదయం 8:25

మీ బావమరిది చెప్పింది నిజమే. నేనూ ఆ చుట్టుపక్కలే ఉంటాను, పద్నాలుగేళ్ళుగా నెట్‌వర్క్ పని, ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి.

2024 అక్టోబరులో ఈ సంగతి పేపర్లకెక్కింది. ఏటీ అండ్ టీ, వెరైజన్, లూమెన్ లాంటి పేర్లు బయటికొచ్చాయి, డిసెంబరు చివరికి వైట్‌హౌస్ లెక్క 9 కంపెనీలకు చేరింది. ఎలా దూరారంటే, సినిమాల్లో నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పరిగెత్తిస్తారే, అలాంటిదేమీ లేదు. చాలాచోట్ల దొంగిలించిన అసలు పాస్‌వర్డ్‌తోనే ముందు గుమ్మంలోంచి వచ్చారు. ఒకచోట సిస్కో కంపెనీ రౌటర్లలో, అంటే నెట్‌వర్క్‌లో సమాచారానికి దారి చూపే యంత్రాల్లో, 2018లో బయటపడ్డ లోపాన్ని వాడుకున్నారని సిస్కో వాళ్ళే చెప్పారు. దానికి మందు, అంటే సరిచేసే సాఫ్ట్‌వేర్, 2018లోనే వచ్చింది. ఆరేళ్ళు సీసా మూత తీయలేదన్నమాట. ఇంకోచోట ఒకే ఒక్క అడ్మిన్ అకౌంట్‌కి లక్షకు పైగా రౌటర్లలోకి వెళ్ళే అధికారం ఉందట. ఇది పుకారు కాదు, వైట్‌హౌస్ అధికారి విలేకరుల ముందు చెప్పిన మాట.

ఎందుకు సరిచేయరు అంటారా? మా పని తెలియనివాళ్ళకు ఇది బద్ధకంలా కనిపిస్తుంది, కొంత బద్ధకమే, కానీ కథ ఇంకా ఉంది. పెద్ద రౌటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే దాన్ని ఒకసారి ఆపి లేపాలి. దాని మీద లక్షలమంది ఫోన్లు, ఆసుపత్రులు, 911 అత్యవసర కాల్స్ వెళ్తుంటాయి. అర్ధరాత్రి రెండు గంటల సమయం ఇస్తారు, దానికి మూడు వారాల ముందు నుంచి సంతకాలు, లేచి మళ్ళీ సరిగా నిలబడకపోతే తెల్లారేసరికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. ఆపకుండా వదిలేస్తే మాత్రం ఎవరూ ఏమీ అనరు. అందుకే మా దగ్గర ఒక మాట ఉంది, నడుస్తున్నదాన్ని ముట్టుకోకు అని. పదేళ్ళు అలా ముట్టుకోకుండా ఉంటే ఇదిగో ఇలా ఉంటుంది.

అనుమానం పక్షి | ఆదివారం ఉదయం 9:10

ఏది జరిగినా చైనా మీదకు తోసెయ్యడం అమెరికాకు అలవాటే. చైనా మాకు సంబంధం లేదని చెప్పింది కదా. అమెరికావాళ్ళు ప్రపంచం ఫోన్లన్నీ విన్న సంగతి 2013లో వాళ్ళ నిఘా సంస్థకే పనిచేసిన స్నోడెన్ చెప్పినప్పుడు ఈ ఏడుపు ఎవరూ ఏడవలేదు.

టెక్సాస్ కాకి | ఆదివారం ఉదయం 9:22

ఎవరు దూరారన్నది మీరూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు పక్షిగారూ. తలుపు తీసి ఉందా లేదా అన్నదే నా బాధ. తీసే ఉంది. అది చైనాకైనా, పక్కింటి కుర్రాడికైనా ఒకటే.

పాత క్రాస్‌బార్ | ఆదివారం ఉదయం 11:05

గోదారిగట్టు బాబూ, నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పయ్యారేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. స్ట్రోజర్ చూశాను, క్రాస్‌బార్ చూశాను, తర్వాత ఈ-10బీ, సీ-డాట్ కూడా, అన్నీ ఎక్స్ఛేంజ్ యంత్రాలే. నీ ఓటీపీ ప్రశ్నకు జవాబు రౌటర్లలో కాదు, ఇంకా పాత చోట ఉంది.

నువ్వు వైజాగ్ నుంచి దుబాయ్ వెళ్ళి ఫోన్ ఆన్ చేశావనుకో, నీ నంబరు ఇప్పుడు ఇక్కడుంది, కాల్స్, మెసేజ్‌లు ఇటు పంపండి అని అక్కడి కంపెనీ ఇక్కడి కంపెనీకి చెప్పాలి కదా. కంపెనీల మధ్య ఆ మాటలు నడిచే భాష పేరు ఎస్ఎస్7. 1970ల చివర్లో తయారై 1980ల్లో లోకమంతా పాకింది. అప్పట్లో దేశానికి ఒకటో రెండో ఫోన్ సంస్థలు, చాలావరకు సర్కారువే. ఒకరినొకరు అనుమానించే అవసరం ఉండేది కాదు. అందుకే అందులో నువ్వెవరు అని అడిగే ఏర్పాటే పెట్టలేదు.

పెళ్ళి భోజనాలు తెలుసు కదా. పంక్తిలో కూర్చున్నవాణ్ణి చూసి ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి తాలూకు అనుకుంటారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తాలూకు అనుకుంటారు. వాడు మాత్రం రెండోసారి బూరెలు వేయించుకుంటుంటాడు. ఎస్ఎస్7 అంతే. ఇప్పుడు ప్రపంచంలో వందల కంపెనీలకు ఆ పంక్తిలో చోటుంది, వాటిలో ఏ చిన్న దేశపు కంపెనీ దగ్గరో కాస్త డబ్బిచ్చి చోటు కొనుక్కుంటే చాలు, ఈ నంబరు నా దగ్గరుంది, మెసేజ్‌లు ఇటు తోలండి అంటే తోలేస్తారు.

జర్మనీ వాళ్ళు టోబియాస్ ఎంగెల్, కార్స్టెన్ నోల్ 2014 డిసెంబరులో హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సభలో ఇదంతా వేదిక మీద చూపించారు. ఎంగెల్ అయితే 2008లోనే మొదటిసారి చెప్పాడు. వినేవాడెవడు? 2017 జనవరిలో జర్మనీలోనే దొంగలు ముందు జనం బ్యాంకు పాస్‌వర్డ్‌లు కాజేసి, తర్వాత ఎస్ఎస్7 ద్వారా వాళ్ళ ఎస్సెమ్మెస్ కోడ్‌లు తమవైపు మళ్ళించుకుని ఖాతాలు ఖాళీ చేశారు. ఓ2 టెలిఫోనికా కంపెనీ అది నిజమేనని ఒప్పుకుంది.

బీటెక్ ఫైనలియర్ | ఆదివారం మధ్యాహ్నం 12:30

బాబాయ్ గారూ పెళ్ళి పోలిక అదిరింది, వైవాలో చెప్తా. ఒక డౌట్, ఇప్పుడు 4జీ, 5జీ వచ్చేశాయి కదా, ఎస్ఎస్7 పోయినట్టే కదా?

పాత క్రాస్‌బార్ | ఆదివారం మధ్యాహ్నం 12:58

పోలేదు నాయనా. కీప్యాడ్ ఫోన్లు ఉన్నంతకాలం 2జీ ఉంటుంది, అది ఉన్నంతకాలం ఎస్ఎస్7 ఉంటుంది. 4జీకి డయామీటర్ అని కొత్త భాష తెచ్చారు, అందులోనూ కంపెనీలు ఒకదాన్నొకటి నమ్మేసే జబ్బు చాలావరకు అలాగే ఉంది. 5జీలో మాత్రం సరిహద్దు దగ్గర కాపలావాణ్ణి పెట్టారు, అదీ పూర్తి 5జీ నెట్‌వర్క్ అయితేనే. ఇప్పుడు మంచి కంపెనీలు ఎస్ఎస్7 దగ్గర కూడా ఫైర్‌వాల్ అనే వడపోత పెట్టి పిచ్చి అభ్యర్థనలను తోసేస్తున్నాయి, అది మాత్రం ఒప్పుకోవాలి. అందరూ పెట్టారా అంటే నేను రిటైరైపోయాను బాబూ.

నల్లకోటు | ఆదివారం మధ్యాహ్నం 3:15

అందరూ ఒక ముఖ్యమైన విషయం వదిలేశారు. సాల్ట్ టైఫూన్ వాళ్ళు చేరిన చోట్లలో ఒకటి ఏంటో చూడండి, పోలీసులు కోర్టు అనుమతితో ఫోన్లు వినడానికి కంపెనీల్లో పెట్టించిన ఏర్పాటు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి టెలికాం కంపెనీ ఆ కిటికీ పెట్టి తీరాలి. మంచివాళ్ళ కోసం పెట్టిన కిటికీ అని గాజుకు తెలియదు కదా.

ఇది మొదటిసారి కూడా కాదు. నా దృష్టిలో అన్నిటికంటే భయంకరమైన కేసు గ్రీస్‌ది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ రోజులు. వోడాఫోన్ గ్రీస్ ఎక్స్ఛేంజ్‌లు ఎరిక్సన్ కంపెనీ చేసినవి. సాఫ్ట్‌వేర్ కొత్తది వేసినప్పుడు దాంతోపాటు ట్యాపింగ్ చేయగల భాగం కూడా వచ్చి కూర్చుంది. కానీ ఎవరి ఫోన్ ఎప్పుడు విన్నారో లెక్క రాసిపెట్టే భాగం వేరే, దాన్ని కంపెనీ ఇంకా కొనలేదు. అంటే తలుపు వచ్చింది, రిజిస్టరు పుస్తకం రాలేదు. ఎవరో లోపలికి దూరి ఆ ట్యాపింగ్ భాగాన్ని రహస్యంగా నడిపించారు. ప్రధాని కరమన్లిస్, మంత్రులు, సైనికాధికారులు, మొత్తం 100కి పైగా ఫోన్లు. వాటికి కాల్ వచ్చినప్పుడల్లా ఇంకో కాపీ దొంగ ప్రీపెయిడ్ సెల్ ఫోన్లకు వెళ్ళేది.

ఎలా దొరికిందో తెలుసా? 2005 జనవరిలో ఆ దొంగలు తమ సాఫ్ట్‌వేర్‌ని మార్చబోయి తప్పు చేశారు, దాంతో మామూలు జనం ఎస్సెమ్మెస్‌లు కొన్ని చేరడం మానేశాయి. ఎందుకు చేరట్లేదని వెతికితే ఇది బయటపడింది. అంటే కాపలా వల్ల కాదు, దొంగ కాలు జారడం వల్ల. కంపెనీ వెంటనే ఆ దొంగ సాఫ్ట్‌వేర్‌ని తీయించేసింది, వాళ్ళను పట్టుకునే దారి దాదాపు అక్కడితో మూసుకుపోయింది. మర్నాడు ఆ కంపెనీ నెట్‌వర్క్ ప్లానింగ్ ఇంజనీరు తన ఇంట్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. జనానికి ఈ కథంతా తెలిసింది 2006 ఫిబ్రవరిలో. వోడాఫోన్‌కి 7.6 కోట్ల యూరోల జరిమానా పడింది.

మన దగ్గర 1885 టెలిగ్రాఫ్ చట్టం నుంచి 2023 టెలికాం చట్టం దాకా ప్రభుత్వానికి వినే అధికారం ఉంది. అధికారం ఉండాలా వద్దా అన్నది ఒక వాదన. ఆ యంత్రానికి తాళం ఎవరి దగ్గరుంది, లెక్క ఎవరు రాస్తారు అన్నది ఇంకో వాదన, దాన్ని మనం ఎప్పుడూ చేయం.

గోల్కొండ గాలి | ఆదివారం మధ్యాహ్నం 3:31

ట్యాపింగ్ అంటే గ్రీస్ దాకా ఎందుకన్నా, హైదరాబాద్‌లో కేసు నడుస్తనే ఉంది కదా. అప్పుడు ఏ పార్టీ

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 3:34

మిగతా భాగం తీసేశాను. ఆ కేసుకు వేరే చర్చా దారం ఉంది, 212 పేజీలకు చేరింది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ నెట్‌వర్క్‌ల గురించే.

ఓఎఫ్‌సీ కుర్రాడు | ఆదివారం సాయంత్రం 6:20

నేను ఫైబర్ స్ప్లైసింగ్, అంటే తెగిన కేబుళ్ళు అతికే పని, కస్టమర్ ఇళ్ళలో మోడెమ్‌లు బిగించే పని చేస్తాను, కాంట్రాక్టరు దగ్గర. మీరంతా చైనా, గ్రీస్ అంటున్నారు, నేను చూసేవి చెప్తా నవ్వకండి. ఒకచోట (పేరు చెప్పను) నెట్ యంత్రాలు పెట్టే ర్యాక్ తలుపు మీదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నల్ల మార్కర్‌తో రాసి ఉంది. ఎందుకన్నా అని అడిగితే, రాత్రి డ్యూటీ కుర్రాడు మారినప్పుడల్లా ఫోన్ చేసి అడుగుతున్నాడు, నిద్ర పాడవుతోంది అన్నాడు సూపర్‌వైజరు. వానకు చెరిగిపోకుండా పైన సెల్లోటేప్ కూడా వేశారు.

మా తప్పు కూడా ఉంది. రోజుకు ఎనిమిది కనెక్షన్లు ఇస్తేనే డబ్బులు. మోడెమ్ పెట్టాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడానికి, దాన్ని కస్టమర్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట. ఆ పావుగంటకు పైసా రాదు. పైగా మారిస్తే రేపు వాళ్ళు మర్చిపోయి మాకే ఫోన్ చేస్తారు. అందుకే ఎవరం మార్చం.

బీటెక్ ఫైనలియర్ | ఆదివారం సాయంత్రం 6:52

అన్నా దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 2017 జూలై చివర్లో మన దేశంలోనే బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేల సంఖ్యలో పనిచేయడం మానేశాయి. బ్రికర్‌బాట్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాం, అడ్మిన్ అడ్మిన్ అని కొట్టి లోపలికెళ్ళి మోడెమ్‌ని పాడుచేసేది. పాస్‌వర్డ్‌లు మార్చుకోండి అని ఆ తర్వాత చెప్పారు.

స్పెయిన్‌ది ఇంకా కామెడీ. 2024 జనవరి 3న ఆరెంజ్ స్పెయిన్ నెట్ మూడు గంటలకు పైగా దెబ్బతింది, ఒక దశలో ట్రాఫిక్ సగానికి పడిపోయింది. ఆ కంపెనీ ఐపీ అడ్రసులన్నీ, అంటే నెట్‌లో దాని చిరునామాలు, రైప్ అనే యూరప్ సంస్థ దగ్గర రిజిస్టరై ఉంటాయి. మా అడ్రసులకు దారి ఇది అని లోకానికి చెప్పే చోటు అది. అంత ముఖ్యమైన అకౌంట్ పాస్‌వర్డ్ ఏంటో ఊహించండి. రైప్‌అడ్మిన్. ఒక ఉద్యోగి కంప్యూటర్లో దూరిన మాల్‌వేర్ అంతకుముందే దాన్ని కాజేసింది, రెండో తాళం అంటే ఓటీపీ లాంటిది పెట్టుకోనే లేదు, దొంగ దాంతో లోపలికెళ్ళి ఆ దారి వివరాలు మార్చేశాడు. ఈ గొడవ తర్వాతే రైప్ అందరికీ రెండో తాళం తప్పనిసరి చేసింది.

అనుమానం పక్షి | ఆదివారం రాత్రి 8:05

సరే పాస్‌వర్డ్‌లు చెత్తగా ఉన్నాయి, ఒప్పుకున్నా. కానీ ఏమైంది? మూడు గంటలు నెట్ పోయింది. మా కాలనీలో వారానికోసారి జేసీబీ తవ్వి అంతకంటే ఎక్కువ సేపు పోగొడుతుంది, ఎవరూ హ్యాకర్ అనరు.

టెక్సాస్ కాకి | ఆదివారం రాత్రి 8:40

జేసీబీకి కక్ష ఉండదు సార్, కేబుల్ అతికిస్తే సరిపోతుంది. ఉక్రెయిన్ చూడండి. 2023 డిసెంబరు 12 పొద్దున కీవ్‌స్టార్ ఆగిపోయింది, ఆ దేశంలో అతిపెద్ద ఫోన్ కంపెనీ, దాదాపు 2.4 కోట్ల మంది వినియోగదారులు. వేల వర్చువల్ సర్వర్లను తుడిచిపెట్టేశారు. యుద్ధం మధ్యలో కొన్నిచోట్ల వైమానిక దాడి హెచ్చరికలు మోగలేదు. కొన్ని ఏటీఎంలు ఆగాయి. ల్వివ్ నగరంలో వీధి దీపాలు ఆ నెట్‌వర్క్ మీదే నడుస్తాయట, మనుషులు తిరిగి చేత్తో ఆర్పాల్సి వచ్చింది. అన్నీ మళ్ళీ నిలబడేసరికి వారం దాటింది.

ఒక ఉద్యోగి అకౌంట్ ద్వారా వచ్చారని కంపెనీ అధిపతి చెప్పాడు. కనీసం మే నెల నుంచే లోపల ఉన్నారని ఉక్రెయిన్ భద్రతా సంస్థ చెప్పింది. ఏడు నెలలు వంటింట్లో కూర్చుని తింటున్నా ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. నన్ను బాగా భయపెట్టేది ఈ ముక్కే, ఆ చివరి రోజు కాదు.

కౌంటర్ నంబర్ 3 | ఆదివారం రాత్రి 9:30

నేను బ్యాంకులో పనిచేస్తాను, ఏ బ్యాంకో అడక్కండి. ఈ దారం చదివి మావాళ్ళు ఎవరైనా ఓటీపీ దాచుకోవడం దండగ అనుకుంటారేమోనని భయమేసి రాస్తున్నా.

నా ముందుకొచ్చి ఏడ్చినవాళ్ళలో ఒక్కరి డబ్బు కూడా ఎస్ఎస్7 వల్ల పోయినట్టు నేను చూడలేదు. వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక అని ఏపీకే ఫైల్, అంటే ఫోన్లో యాప్ దించే ఫైల్, వస్తుంది, నొక్కుతారు, ఆ యాప్ మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది, ఓటీపీ దొంగకు వెళ్ళిపోతుంది. ఎవరికీ చెప్పనవసరమే లేదు. లేదా సిమ్ మార్పిడి. పోయిన ఏడాది ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు, రెండు రోజులుగా సిగ్నల్ లేదమ్మా, టవర్ ప్రాబ్లం అనుకున్నా అన్నారు. ఆయన నంబరు మీద ఇంకెవరో ఇంకో ఊళ్ళో సిమ్ తీసేసుకున్నారు, ఏ దుకాణంలోనో వేలిముద్ర, ఫొటో సరిగ్గా చూడకుండా ఇచ్చేశారు. పెన్షన్ డబ్బు మొత్తం పోయింది. అది కూడా టెలికాం భద్రతే కదండీ, కాకపోతే హ్యాకింగ్ అని ఎవరూ అనరు.

కాబట్టి ఓటీపీ చెప్పకండి. పక్కవాళ్ళ ఫోన్లు పనిచేస్తూ మీ ఫోన్‌కే గంటసేపు సిగ్నల్ లేకపోతే టవర్‌ని తిట్టుకుంటూ కూర్చోకుండా వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేయండి. ఆర్బీఐ కూడా 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎస్సెమ్మెస్ ఓటీపీని రద్దు చేయలేదు గానీ, దాని ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేరే పద్ధతులు కూడా వాడుకోమంది.

గోదారిగట్టు | సోమవారం ఉదయం 6:50

మేడమ్ గారూ ధన్యవాదాలు, పెళ్ళి పత్రిక సంగతి మా అమ్మకు ఇప్పుడే చెప్పాను. అంటే నాకర్థమైంది, నా వంతు నేను చేసుకోవాల్సిందే, కానీ కంపెనీ వంతు ఎవరు చేయిస్తారు? ఎరువుల కొట్టులో స్టాకు రిజిస్టరు ఒక్కరోజు రాయకపోతే నాకు నోటీసు వస్తుంది. ఆరేళ్ళు రౌటర్ బాగుచేయనివాడికి ఏం వస్తుంది?

టెక్సాస్ కాకి | సోమవారం ఉదయం 7:30

మంచి ప్రశ్న, సమాధానమే బాలేదు. ఇక్కడ 2025 జనవరిలో ఎఫ్‌సీసీ, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, నెట్‌వర్క్‌ని కాపాడుకోవడం కంపెనీల చట్టబద్ధమైన బాధ్యత అని ఆదేశమిచ్చింది. ప్రభుత్వం మారింది. అదే సంస్థ 2025 నవంబరులో ఓటింగ్ పెట్టి ఆ ఆదేశాన్నే ఎత్తేసింది, కంపెనీలు ఇష్టపూర్వకంగా జాగ్రత్తపడుతున్నాయి కదా అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దక్షిణ కొరియాలో మాత్రం ఎస్‌కే టెలికాం నుంచి 2 కోట్లకు పైగా జనం సిమ్ వివరాలు పోయినట్టు 2025 ఏప్రిల్‌లో బయటపడితే, అందరికీ ఉచితంగా సిమ్ మార్చమన్నారు, ఆగస్టులో దాదాపు 13,500 కోట్ల వోన్ల జరిమానా వేశారు. సిమ్ రహస్య తాళాలను గుప్తలిపిలో పెట్టకుండా అలాగే దాచారని తేలింది. నావరకు అదొక్కటే భాష కంపెనీలకు అర్థమవుతుంది. రాత్రి రెండు గంటల సమయం అప్పుడు అడక్కుండానే దొరుకుతుంది.

నల్లకోటు | సోమవారం ఉదయం 8:05

మనకు 2024 నవంబరులో టెలికాం సైబర్ భద్రతా నియమాలు వచ్చాయి. ఘటన తెలిసిన 6 గంటల్లో కేంద్రానికి చెప్పాలి. కేంద్రానికి, మీకు కాదు. మీ సిమ్ వివరాలు పోయాయని మీకు ఎప్పుడు తెలుస్తుందో నాకు అనుమానమే.

గోదారిగట్టు | సోమవారం రాత్రి 9:15

ఓఎఫ్‌సీ తమ్ముడూ, నీ మాట విని మా ఇంటి మోడెమ్ చూశాను. అడ్మిన్ అడ్మిన్ కొడితే తలుపు తీసుకుంది! నాలుగేళ్ళుగా అలాగే ఉంది. వెంటనే గట్టి పాస్‌వర్డ్ పెట్టాను. కొట్టు హడావిడిలో కాగితం ఎక్కడో పెట్టి మర్చిపోయాను, ఇప్పుడు నాకే తెరుచుకోవట్లేదు. వైఫై మాత్రం వస్తోంది. ఏం చేయాలి?

ఓఎఫ్‌సీ కుర్రాడు | సోమవారం రాత్రి 9:40

వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు అన్నా, అందుకే వైఫై వస్తోంది. మోడెమ్ వెనక చిన్న రంధ్రం ఉంటుంది, సేఫ్టీ పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి. కానీ ముందు మీ నెట్ కంపెనీకి ఫోన్ చేసి మీ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కనుక్కుని దగ్గర పెట్టుకోండి, అవి కూడా చెరిగిపోతాయి. లైట్లన్నీ ఆరి మళ్ళీ వెలుగుతాయి. అప్పుడు మళ్ళీ అడ్మిన్ అడ్మిన్ అయిపోతుంది.